రొయ్యకూ బొద్దింకకూ చుట్టరికం

కొల్లేటి ఒడ్డున పుట్టినవారికి రొయ్య పడదంటే వినేవారికి నవ్వు వస్తుంది. చేపకు నీరు పడదన్నట్లు ఉంటుంది ఆ మాట. కాని అటువంటివారు ఉన్నారు. మా కళాశాలలో చదువుకొనే ఒక కుర్రవాడిది కొల్లేటి లంకగ్రామం. పోయిన సంవత్సరం అతని చెల్లెలు ఒక పెండ్లివిందులో రొయ్యల ఇగురు తిన్నది. అరగంట గడవకముందే ఒళ్ళంతా దద్దుర్లు లేచి, పెదవులు వాచి, ఊపిరి ఆడక గిలగిల కొట్టుకున్నది. ఏలూరికి తీసుకొనివచ్చి సకాలంలో సూదిమందు వేయించగలిగారు గనుక పిల్ల దక్కింది. తరువాత చేయించిన రక్తపరీక్ష కాగితంలో రొయ్య పేరుకు ఎదురుగా గుర్తు పడింది. అది అనుకొన్నదే. పరుపుల దుమ్ముకు ఎదురుగా కూడ పడింది. పోనీ అనుకొన్నారు. దాని క్రిందనే బొద్దింక పేరు ఉన్నది. దానికి ఎదురుగా కూడ గుర్తు! ఆ తల్లికి ఎక్కడలేని రోషం వచ్చింది. “మేమేమన్నా బొద్దింకలు తినేవాళ్ళమా అండీ?” అని పరీక్షశాలలో నిలదీసి అడిగి వచ్చిందట. అంతటితో ఆగక, ఆనాటినుండి ఇంట్లో చేపలు వండడం కూడ మానివేసింది. కొల్లేటిలో ఉండి చేప మానడం ఎంత కష్టమో ఆ ప్రాంతం ఎరిగినవారికి చెప్పనక్కరలేదు.

ఇటువంటి కాగితమే ఇంకొకటి తాడేపల్లిగూడెంలో నా మిత్రుని ఇంట కూడ చిచ్చుపెట్టింది. ఆయనది తరతరాలుగా నీచు ముట్టని కుటుంబం. చాలా కాలంగా ఉబ్బసంతో బాధపడుతున్నాడు. వైద్యుడు వ్రాసియిచ్చిన పరీక్ష చేయించుకొంటే పరుపుల దుమ్ముతోబాటు రొయ్య కూడ పడనట్లు తేలింది. ఎన్నడూ తినని రొయ్య పడకపోవడమేమిటి? ఇంట్లో ఆయన తల్లిగారు ఉన్నారు. ఎనభైయేండ్లు దాటిన మనిషి. ఆమె పైకి ఏమీ అనలేదు. కాని ఆ రాత్రినుండి ఆయన కంచం విడిగా కడిగించడం మొదలుపెట్టారు. “ఈ వయస్సులో అమ్మ దగ్గర దొంగనయ్యానయ్యా!” అని ఆయన నాతో అన్నప్పుడు నవ్వాలో జాలిపడాలో తెలియలేదు.

ఆ రెండు కాగితాలలోనూ అసత్యం లేదు. ఆ తల్లీ, ఈ కొడుకూ కూడ అసత్యం చెప్పలేదు. ఇది ఎట్లా పొసగుతుందో తెలుసుకోవాలని కొంత చదివాను. జీవశాస్త్రం నేను చెప్పే పాఠం కాదు. ఐనా చివరకు ఇది అక్షరాల వ్యవహారమే అని తెలిసిన తరువాత, అక్షరాలతో పొట్టపోసుకొనేవాడికి ఇందులో కొంత అధికారం ఉన్నదనే ధైర్యం కలిగింది.

మాంసకృత్తులు, అనగా ప్రోటీనులు, అమినో ఆమ్లాలు గొలుసుగా చేరి ఏర్పడతాయని ఉన్నత పాఠశాల విద్యార్థులు చదువుకొన్నదే. మన వర్ణమాలలో 56 అక్షరాలున్నవి. ప్రకృతి తన మాంసకృత్తులన్నిటినీ సుమారు 20 అక్షరాలతోనే వ్రాసుకొన్నది. ఏ అక్షరం తరువాత ఏ అక్షరం వస్తుందనే దానిమీదనే ఆ పదార్థం గుణం ఆధారపడి ఉంటుంది. రొయ్య కండలో ట్రోపోమయోసిన్ అనే మాంసకృత్తు ఒకటి ఉన్నది. దీనిని మొదట 1946లో కేంబ్రిడ్జిలో కెన్నెత్ బెయిలీ కుందేలు కండలో కనుగొన్నాడు. కండ బిగియవలసిన సమయం వచ్చేవరకు అడ్డుకఱ్ఱవలె నిలిచి, ఆజ్ఞ రాగానే ప్రక్కకు తొలగడం దాని పని. రొయ్యలో ఇది 284 అక్షరాల పోగు. అటువంటి పోగులు రెండు ఒకదానితో ఒకటి పురిపెట్టిన త్రాడులాగా పెనవేసుకొని ఉంటాయి. ఆ పురి సరిగా పడడానికి ఏడేసి అక్షరాలకు ఒకసారి ఒకే స్వభావంగల అక్షరాలు తిరిగి తిరిగి వస్తాయి. ఛందస్సు చదివినవారికి గణవిభజన జ్ఞాపకం రాక మానదు.

ఇంత కట్టుదిట్టంగా పేనిన త్రాడు గనుకనే వేడికి ఇది సులభంగా లొంగదు. “బాగా ఉడికించి తింటే ఏమీ కాదు” అని మన ఇండ్లలో పెద్దలు ధైర్యం చెబుతూ ఉంటారు. రొయ్య విషయంలో ఆ ధైర్యం పనికిరాదు. ఉడికించిన రొయ్యలోనే కాదు, ఉడికించిన నీటిలో కూడ ఈ పదార్థం దిగుతుంది. రొయ్యలు వలిచి ఉడికించే కార్మాగారాలలో పనిచేసేవారిలో కొందరికి, ఒక్క రొయ్యనైనా తినకుండానే, ఆ ఆవిరి పీల్చి ఆయాసం రావడం లోకంలో అనేక దేశాలలో చూచిన విషయమే. ఆకివీడు, కైకలూరు, భీమవరం ప్రాంతాలలో రొయ్య మీద ఇన్ని కుటుంబాలు బ్రతుకుతున్నప్పుడు ఇది మనకు పరాయి సంగతి కాదు.

ఇక ఈ అక్షరాలను చదివేదెవరు? మన రక్తంలోని ప్రతిరక్షకాలు. వాటిలో ఒక తెగకు ‘ఇమ్యునోగ్లోబులిన్–ఇ’ అని పేరు. దాని ఉనికిని తెలిపే ప్రయోగం 1921లో జర్మనీలో జరిగింది. క్యూస్ట్నర్ అనే వైద్యునికి చేప పడదు. ఆయన రక్తరసాన్ని ప్రౌస్నిట్జ్ అనే మరియొక వైద్యుడు తన చర్మంలో ఎక్కించుకొన్నాడు. మరునాడు అదే చోట చేపరసం ఎక్కించగా అక్కడ దద్దురు లేచింది. పడకపోవడమనే గుణం రక్తంతోబాటు ఒకరినుండి మరొకరికి పోగలదన్నమాట! ఆ రక్తంలో ఉన్నదేమిటో తేలడానికి మరి 45 సంవత్సరాలు పట్టింది. 1966, 67 ప్రాంతాలలో అమెరికాలో జపాను దంపతులైన ఇషిజాకాలు, స్వీడనులో యోహాన్సన్, బెన్నిక్‌లు వేరువేరుగా దానిని పట్టుకొన్నారు.

ఈ ప్రతిరక్షకం చదివే పద్ధతి విచిత్రమైనది. అది గ్రంథమంతా చదవదు. ఎక్కడో పది పదిహేను అక్షరాల తునకను మాత్రమే గుర్తుపడుతుంది. పద్యంలో ప్రాస సంగతి చూడండి. నాలుగు పాదాలలోనూ రెండవ అక్షరం కలిస్తే చాలును. ఒక పాదం యుద్ధాన్ని చెప్పినా, మరియొకటి పూలతోటను చెప్పినా ప్రాసకు నిమిత్తం లేదు. అట్లాగే ఈ కాపలాదారుకు, తాను నేర్చుకొన్న తునక వంటకం నుండి వచ్చిందా, దుమ్ములో నుండి వచ్చిందా అనే విచారణ లేదు.

రొయ్యలో ఆ తునకలు ఏవో మొదట తేల్చినవారిలో మన దేశంవారే ముందున్నారని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం దాచుకోలేను. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో పి. వి. సుబ్బారావుగారు, ఆయన శిష్యులు తెల్లరొయ్యను తీసుకొని యేండ్ల తరబడి శోధించారు. వేడికి చెడని పదార్థాలను వేరుచేసి 1989లో ప్రకటించారు. అమెరికాలోని మెట్‌కాఫ్ అనే శాస్త్రజ్ఞునితో కలిసి 1993లో శాంతి ప్రభృతులు ప్రకటించిన వ్యాసంలో, ఆ పదార్థం ట్రోపోమయోసినే అనీ, అందులో 50వ అక్షరం నుండి 66 వరకు, 153 నుండి 161 వరకు ఉన్న రెండు తునకలను రోగుల ప్రతిరక్షకాలు పట్టుకొంటున్నాయనీ నిరూపించారు. ఆ తునకలు ఇంకెక్కడైనా ఉన్నవా అని అప్పటికి తెలిసిన మాంసకృత్తుల పట్టికలలో వెదికారు. దగ్గరి పోలిక దొరికినది ఎక్కడనుకొన్నారు? ముగ్గిన పండ్లమీద ముసిరే చిన్న ఈగలో! తరువాతి పరిశోధకులు రొయ్య ట్రోపోమయోసిన్‌లో ఇటువంటి తావులు మరికొన్ని కనుగొన్నారు.

చిత్రమే కాని, జంతుశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులకు ఇందులో ఆశ్చర్యం ఉండదు. రొయ్య, పీత, ఈగ, బొద్దింక, తేలు, సాలెపురుగు అన్నీ ఆర్థ్రోపొడా అనే ఒకే మహాకుటుంబంలోనివి. నేటి పరిశోధనలను బట్టి చూస్తే కీటకాలు రొయ్యల వంశంలోనే విడివడిన ఒక శాఖ. కనుక బొద్దింకను రొయ్యకు నేలమీది దాయాది అనడం కేవలం పరిహాసం కాదు. ఆ పరీక్ష కాగితం కొల్లేటి తల్లిని అవమానించలేదు. ఒక వంశవృక్షాన్ని చూపింది. ఇంట్లో తిరిగే బొద్దింక పొడి గాలిలో కలిసి శ్వాసతో లోపలికి పోతుంది; తినవలసిన పని లేదు.

పరుపుల దుమ్ములో ఉండేది మరియొక దాయాది. మిరపతోటను పట్టే నల్లి మన రైతులకు తెలుసు. మంచం కోళ్ళలో దాగే నల్లి వేరు, అది కీటకం. తోటను పట్టే నల్లి సాలెపురుగుల వైపు బంధువు. ఆ జాతిదే ఒకటి, మిల్లీమీటరులో మూడవవంతు ఉండే జీవి, కంటికి కనబడకుండా మన పరుపులలో, దిండ్లలో కాపురముంటుంది. మన చర్మం నుండి రాలే పొట్టే దాని ఆహారం; తేమగాలి దానికి ప్రాణం. దుమ్ము పడకపోవడానికి ముఖ్యకారణం ఈ జీవియే అని హాలెండులోని లైడెన్‌లో వూర్‌హోర్స్ట్, ఆయన సహచరులు 1964లో చూపించారు. సముద్రపు గాలీ, కొల్లేటి తేమా కలిసిన మన ప్రాంతం దానికి అత్తవారిల్లు వంటిది. ఈ నల్లి ట్రోపోమయోసిన్‌ను రొయ్యదానితో పోల్చిచూస్తే నూటికి 80 అక్షరాల ప్రాంతంలో సరిపోతాయి.

ఇప్పుడు నా మిత్రుని సంగతి. ఆయనకు సాక్ష్యం చెప్పేవారు సముద్రాల అవతల ఉన్నారు. యూదుల ధర్మశాస్త్రం ప్రకారం రెక్కలూ పొలుసులూ లేని జలచరాలు నిషిద్ధం. కనుక ఆచారపరులైన యూదులు రొయ్యను ముట్టరు. న్యూఆర్లియన్స్‌లోని టులేన్ విశ్వవిద్యాలయానికి చెందిన శామ్యూల్ లేరర్, ఆయన సహచరులు అటువంటివారిలో పరుపుల దుమ్ము పడనివారిని ఎంచి, రక్తం పరీక్షించి 2003లో ఫలితాలు ప్రకటించారు. జన్మలో రొయ్య తినని ఆ మనుష్యులలో కొందరి రక్తంలో రొయ్య ట్రోపోమయోసిన్‌ను పట్టుకొనే ప్రతిరక్షకాలు కనిపించాయి. అవి దుమ్ములోని నల్లిని చూచి నేర్చుకొన్న పాఠాన్ని రొయ్య ఎదుట అప్పగిస్తున్నవి. తాడేపల్లిగూడెంలో జరిగినదీ ఇదే కావాలి.

ఐతే ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. కాగితం మీద గుర్తు పడినంతమాత్రాన అది రోగం కాదు. ఒంటిలో దద్దురు లేవాలంటే, చర్మంలోనూ శ్వాసనాళాలలోనూ ఉండే కొన్ని కణాలమీద కూర్చున్న ప్రతిరక్షకాలలో రెండింటిని ఒకే అణువు ఒకేసారి పట్టి వంతెనవలె కలపాలి. అప్పుడే ఆ కణం నుండి హిస్టమిన్ మొదలయినవి వెలువడతాయి. ఒక అణువులో ఒక్క తునక మాత్రమే కలిస్తే వంతెన పడదు. రక్తంలో గుర్తు ఉండి కూడ రొయ్యలు హాయిగా తినేవారు ఎందరో ఉన్నారు. గుర్తు అనేది పోలికను చెబుతుంది. రోగమా కాదా అన్నది తిన్నప్పుడు జరిగిన చరిత్ర చెబుతుంది. ఆ రెండిటినీ కలిపి చదవగలిగినవాడే వైద్యుడు.

ఎన్ని అక్షరాలు కలిస్తే చుట్టరికం అనాలి, ఎన్ని కలిస్తే కాకతాళీయం అనాలి? ఈ ప్రశ్నకు ప్రపంచ సంస్థలే తడబడ్డాయి. బ్రెజిల్ గింజలోని ఒక మాంసకృత్తును సోయాచిక్కుడులోకి ఎక్కించగా, ఆ గింజ పడనివారి రక్తం ఆ చిక్కుడును కూడ పట్టుకొన్నదని 1996లో తేలి, ఆ చిక్కుడును విడిచిపెట్టారు. అటుపై కొత్త పంటలను ముందుగానే పరీక్షించడానికి సూత్రాలు కావలసివచ్చాయి. 2001లో ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థల నిపుణులు కూడి, 80 అక్షరాల నిడివిలో నూటికి 35కు మించి కలిసినా, లేదా వరుసగా 6 అక్షరాలు కలిసినా అనుమానించాలన్నారు.

లెక్కల ఉపాధ్యాయులు ఈ ఆరు అక్షరాల సూత్రాన్ని విద్యార్థులచేత పరీక్షింపజేయవచ్చును. 20 అక్షరాలతో ఆరక్షరాల మాటలు 6 కోట్ల 40 లక్షలు వస్తాయి. చాలా పెద్ద సంఖ్యే. కాని మనిషి శరీరంలోని మాంసకృత్తులు సుమారు 20,000 రకాలు. వాటి అక్షరాలన్నీ కలిపితే కోటి ప్రాంతం. 284 అక్షరాల రొయ్య పోగులో ఆరక్షరాల తునకలు 279 ఉన్నవి. అక్షరాలన్నీ సమానంగా వాడుకలో ఉన్నవనుకొంటే, ఏ చుట్టరికమూ లేకపోయినా 40 పైచిలుకు చోట్ల మనిషికీ రొయ్యకూ మాట కలుస్తుంది! అదే ఎనిమిది అక్షరాలు వరుసగా కలవాలన్నామా, మాటల సంఖ్య 2,560 కోట్లకు పెరిగి, కాకతాళీయంగా ఒక్కటి కలిసే అవకాశం పదింట ఒక వంతుకు పడిపోతుంది. ఆరక్షరాల సూత్రం వృథా హెచ్చరికలు ఎక్కువగా ఇస్తున్నదని పరిశీలకులు గ్రహించి, అనేకులు దానిని ఎనిమిదికి పెంచారు. ఏదో ఒక తునక కలిసింది గదా అని భయపెట్టే వ్రాతలు చదివినప్పుడు ఈ లెక్క జ్ఞాపకం తెచ్చుకోవచ్చును.

మరి కోడి, మేక, మనిషి కండలలో కూడ ట్రోపోమయోసిన్ ఉన్నది గదా? ఉన్నది. కాని రొయ్యదానితో కలిసేది నూటికి 55 నుండి 60 వరకే. పైగా అది మన సొంత కండలో ఉన్నదానికి దగ్గర గనుక మన రక్షణశక్తికి చిన్ననాటి నుండి పరిచితం. రొయ్య పడనివాడు కోడిమాంసం మానవలసిన పని సాధారణంగా రాదు.

చేప మాట వేరే చెప్పాలి. మన వంటింటి భాషలో చేప, రొయ్య, పీత అన్నీ ‘నీచు’ అనే ఒక్క మాటలో ఇమిడిపోతాయి. ఒకే సంతలో, ఒకే గంపలో వస్తాయి. అందుచేత ఒకటి పడకపోతే అన్నీ మానిపించడం సహజంగా తోస్తుంది. కాని ప్రకృతి వర్గీకరణ వంటింటి వర్గీకరణ కాదు. చేప వెన్నెముకగల జీవి. బొచ్చె, శీలావతి, కొర్రమీనులు రొయ్యకంటె మనకే దగ్గర బంధువులు. చేప పడనివారిని బాధించేది పార్వాల్బుమిన్ అనే వేరొక చిన్న మాంసకృత్తు. కాడ్ అనే చేపలోని ఆ పదార్థాన్ని నార్వే శాస్త్రజ్ఞులు శోధించి దాని అక్షరాలన్నీ చదివారు. అది ఒక చేపనుండి మరియొక చేపకు చాలావరకు కలుస్తుంది. కప్పలో కూడ దాని పోలిక కనబడింది. రొయ్యలో ఆ బాధ లేదు. కనుక రొయ్య పడని పిల్లకు చేప మానిపించడం చాలా సందర్భాలలో అనవసరమైన శిక్ష. ఒకే కత్తితో కోసి, ఒకే నూనెలో వేయించినప్పుడు రొయ్య చేపకు అంటుకొనే ప్రమాదం మాత్రం ఉన్నది. పీత, నీలకంఠ రొయ్య, టైగరు, వనామీ అన్నీ ఒక గూటివే. ఒకటి పడనివారు మరొకదానితో ప్రయోగాలు చేయరాదు. అన్నిటికంటె మోసకారి రొయ్యపొట్టు. కూరలో కలిసిపోయి కంటికి కనబడదు. నత్తల మాట కొంత సందిగ్ధం. ఫ్రాన్సు, ఇటలీ, స్పెయినులలో దుమ్ము పడనివారు కొందరు నత్తలు తిని తీవ్రమైన ఉబ్బసానికి లోనైనట్లు వైద్యులు వ్రాశారు.

ఇంత తంటా తెచ్చే ప్రతిరక్షకాన్ని ప్రకృతి మన ఒంట్లో ఎందుకు ఉంచినట్లు? పురుగులకోసం అని చాలామంది అభిప్రాయం. గోదావరి జిల్లాలవారికి ‘ఈసినోఫీలియా’ అనే మాట జ్వరమంత పరిచితం. బోదకాలు తెచ్చే సూక్ష్మక్రిమి ఊపిరితిత్తులలో చేరినప్పుడు కొందరికి వచ్చే దగ్గు, ఆయాసాలలో ఈసినోఫిల్ కణాలతోబాటు ఈ ప్రతిరక్షకం కూడ విపరీతంగా పెరుగుతుంది. కడుపులోని ఏలికపాము ట్రోపోమయోసిన్ కూడ నల్లికీ రొయ్యకూ పోలిక గలదే. 2015లో లండను, కేంబ్రిడ్జి పరిశోధకులు పరాన్నజీవులైన పురుగుల మాంసకృత్తులను, అలర్జీ తెచ్చే పదార్థాలను ప్రక్కప్రక్కన పెట్టి పోల్చిచూశారు. పురుగులలో 2,445 మాంసకృత్తులు అలర్జీ పదార్థాలను గట్టిగా పోలినట్లు తేలింది. అంతేకాదు, పూలపుప్పొడిలో ప్రసిద్ధమైన ఒక అలర్జీ పదార్థానికి జోడు రక్తనాళాలలో కాపురముండే ఒక పురుగులో ఉండవచ్చునని లెక్కవేసి, ఉగాండాలో ఆ పురుగు సోకినవారి రక్తం పరీక్షించగా, కొందరిలో దానిని పట్టే ప్రతిరక్షకం నిజంగానే దొరికింది. అంటే పురుగును తరమడానికి పెట్టుకొన్న కావలివాడు, దాని ముఖకవళికలు గల అమాయకుణ్ణి వాకిట్లో చూచి కఱ్ఱ ఎత్తుతున్నాడు.

పాఠశాలలలో పనిచేసేవారికి ఒక్క సంగతి. పిల్ల ఏదో తిని దద్దుర్లతో వస్తే గమనించి చూడవచ్చు. కాని గొంతు బొంగురుపోయినా, ఊపిరి ఆడకపోయినా, కళ్ళు తిరిగి పడినా క్షణం ఆలస్యం చేయరాదు. అప్పుడు పనిచేసే మందు తొడలో వేసే అడ్రినలిన్ సూది. దానికోసం ఆసుపత్రికి పరుగెత్తవలసినదే. నిమ్మరసాలు, మజ్జిగలు ఆ సమయంలో కాలయాపన మాత్రమే.

లంకగ్రామపు కుర్రవానికి ఇదంతా ఒక సాయంకాలం చెప్పాను. వాళ్ళమ్మగారు వైద్యుని సమక్షంలో ముందు కొంచెం శీలావతి ముక్క పెట్టించి చూచి, తరువాత ఇంట్లో చేపల పులుసు మళ్ళీ పెట్టారట. రొయ్య మాత్రం గుమ్మం దాటి రావడంలేదు.

తాడేపల్లిగూడెం మిత్రుడు యూదుల కథను తల్లిగారికి చదివి వినిపించాడు. ఆమె అంతా విని, “వాళ్ళలో కూడ మడీ ఆచారమూ ఉన్నాయన్నమాట” అన్నారట. కొంతసేపటికి మళ్ళీ పిలిచి, “అయితే ఆ పరుపు అట్లా ఉంచావేమిరా, ఎండలో వేయించు” అన్నారట.